ఆంక్షల ఉత్తర్వు అసలు ఎవరి చేతులు కడుతుంది?

మీరు అడిగింది ఇది: ఒక ప్రభుత్వం మరో దేశం మీద ఆర్థిక ఆంక్షలు, ప్రయాణ నిషేధం పెట్టిందని వార్తల్లో చదువుతాం, అసలు ఆ పని ఎలా జరుగుతుంది? సంతకం ఎవరిది, డబ్బును ఎవరు ఆపుతారు, మనిషిని ఎక్కడ ఆపుతారు? నేను చాలా ఏళ్లు బ్యాంకులో విదేశీ వాణిజ్యం చూశాను, ఆ తర్వాత ఆంక్షల కంప్లయన్స్‌లో, అంటే లావాదేవీలు ఆంక్షలకు లోబడి ఉన్నాయో లేదో చూసే పనిలో ఉన్నాను. కాబట్టి చట్టం సంగతి కొంత, ఆ చట్టం టేబుల్ మీదికి వచ్చాక జరిగే సంగతి కొంత చెబుతాను.

ఒక్క విషయం ముందే పట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. పరాయి దేశానికి ఉత్తర్వు వేసే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదు. దాని మాట చెల్లేది తన చట్టం కింద ఉన్నవాళ్ల దగ్గరే: తన బ్యాంకులు, వ్యాపారులు, ఓడరేవులు, వీసా అధికారులు, పౌరులు. ఏ ఆంక్షల ఉత్తర్వు తెరిచి చూసినా అందులో "ఫలానా దేశం ఇది చేయరాదు" అని ఉండదు. "మా వాళ్లెవరూ ఆ దేశంతో ఇది చేయరాదు" అని ఉంటుంది. దెబ్బ తగలాల్సింది అవతలివాళ్లకు, చేతులు కట్టేది మాత్రం సొంతవాళ్లకు. అందుకే ఉత్తర్వు ఎంత కఠినంగా కనిపించినా, దాని బలమంతా ఆ దేశంతో మీకున్న లావాదేవీల మీదే ఆధారపడి ఉంటుంది. వ్యాపారమే లేని దేశం మీద వాణిజ్య నిషేధం పెడితే అది ప్రకటన వరకే.

ఆర్థికం, ప్రయాణం రెండూ కలిసి ఎలా నడుస్తాయో చూడాలంటే 1979 నాటి ఇరాన్ వ్యవహారం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ ఏడాది నవంబర్ 4న టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించి సిబ్బందిని బందీలుగా పట్టుకున్నారు. 12వ తేదీన అధ్యక్షుడు కార్టర్ ఇరాన్ చమురు దిగుమతిని ఆపేశారు. అమెరికా బ్యాంకుల్లో ఉన్న తమ డబ్బంతా వెనక్కి తీసేసుకుంటామని ఇరాన్ వైపు నుంచి మాట వచ్చింది. దాంతో 14వ తేదీన ఇరాన్ ప్రభుత్వ ఆస్తులన్నిటినీ ఫ్రీజ్ చేస్తూ 12170 నంబర్ ఉత్తర్వు మీద సంతకం పడింది. సుమారు 1,200 కోట్ల డాలర్లు ఆగిపోయాయి. అమెరికా బ్యాంకులకు విదేశాల్లో ఉన్న శాఖల్లోని డిపాజిట్లు కూడా అందులో ఉన్నాయి.

ఆ ఉత్తర్వుకు ఆధారం 1977లో వచ్చిన అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. దేశం బయటి నుంచి అసాధారణమైన ముప్పు వచ్చిందని అధ్యక్షుడు జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే, విదేశీ ఆస్తులను, లావాదేవీలను ఆపే అధికారం ఆయన చేతికి వస్తుంది. ఆ చట్టాన్ని మొదటిసారి వాడింది అప్పుడే. ఆ రోజు ప్రకటించిన అత్యవసర పరిస్థితిని ఇప్పటికీ ఏటా నవంబర్‌లో పొడిగిస్తూనే ఉన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పనుంది.

అంతటితో ఆగలేదు. 1980 ఏప్రిల్ 7న దౌత్య సంబంధాలు తెంచుకున్నారు, ఆహారం, మందులు తప్ప మిగతా ఎగుమతులు నిషేధించారు, ఇరానీయులకు అప్పటికే ఇచ్చిన వీసాలు చెల్లవన్నారు. పది రోజుల తర్వాత దిగుమతులు కూడా ఆపి, అమెరికన్లు ఇరాన్ ప్రయాణం కోసం డబ్బు ఖర్చు పెట్టడాన్ని నిషేధించారు. విలేకరులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. చివరికి అల్జీరియా మధ్యవర్తిత్వంతో 1981 జనవరి 19న ఒప్పందం కుదిరింది, మర్నాడు 52 మంది బందీలు విడుదలయ్యారు. ఆ బేరంలో అమెరికా చేతిలో ఉన్న గట్టి పట్టు ఆ ఫ్రీజ్ చేసిన డబ్బే.

ఇక్కడ వరుస గమనించండి. చమురును పక్కన పెడితే ముందు డబ్బు, ఆ తర్వాతే మిగతా సరుకు, మనుషులు. ఇది యాదృచ్ఛికం కాదు. డబ్బు గంటల్లో ఎగిరిపోతుంది కాబట్టి ఫ్రీజ్ ఎప్పుడూ ముందస్తు కబురు లేకుండా పడాలి. 2022 ఫిబ్రవరిలో రష్యా కేంద్ర బ్యాంకు నిల్వల విషయంలో జరిగింది అదే. యుద్ధం మొదలైంది 24న, వారాంతంలో నిర్ణయం ప్రకటించారు, సోమవారం 28కల్లా అమలైపోయింది. దాదాపు 30,000 కోట్ల డాలర్ల నిల్వలు రష్యాకు అందకుండా పోయాయి. సరుకు విషయం అలా కాదు. నడిసముద్రంలో ఓడలుంటాయి, సగం చెల్లించిన కాంట్రాక్టులుంటాయి, ఆ సరుకు లేకపోతే ఆగిపోయే ఫ్యాక్టరీలు సొంత దేశంలోనే ఉంటాయి. అందుకే అదే రష్యా చమురు మీద యూరోపియన్ యూనియన్ నిషేధం 2022 జూన్‌లో ఖరారైతే, సముద్రం మీద వచ్చే ముడి చమురుకు అది వర్తించింది డిసెంబర్ 5 నుంచి. శుద్ధి చేసిన ఉత్పత్తులకైతే 2023 ఫిబ్రవరి 5 దాకా గడువిచ్చారు. గడువు ఇవ్వడాన్ని బలహీనత అనుకుంటారు చాలామంది. నా దృష్టిలో సరుకు నిషేధానికి గడువు లేకపోతే మొదట నష్టపోయేది సొంత వ్యాపారులే.

సంతకం ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో అధ్యక్షుడిది. ఆ తర్వాత పని ట్రెజరీ శాఖలోని ఓఫాక్ అనే కార్యాలయానికి వెళుతుంది. ఎవరి మీద ఆంక్షలో ఆ జాబితాలు తయారుచేసేది, మినహాయింపు లైసెన్సులు ఇచ్చేది, జరిమానాలు వేసేది వాళ్లే. యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశాలన్నీ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి, ఒక్క దేశం కాదన్నా ఆగిపోతుంది. రష్యా మీద ఆర్థిక ఆంక్షలను ఆరు నెలలకోసారి పొడిగిస్తూ వచ్చారు కాబట్టి ఆ బేరసారాలు ఆరు నెలలకోసారి మళ్లీ మొదలయ్యేవి. ఐక్యరాజ్యసమితిలోనైతే చార్టర్ 41వ అధికరణ కింద భద్రతా మండలి తీర్మానం చేయాలి. 15 మందిలో 9 ఓట్లు రావాలి, ఐదు శాశ్వత సభ్యదేశాల్లో ఒక్కటీ వీటో చేయకూడదు. 1966లో దక్షిణ రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) మీద తొలిసారి ఇలా తప్పనిసరి ఆంక్షలు పెట్టారు. అయితే మండలి తీర్మానం కూడా తనంతట తాను ఏ బ్యాంకు ఖాతానూ ఆపలేదు. ప్రతి సభ్యదేశం దాన్ని తన చట్టంలోకి తెచ్చుకోవాలి. భారత్‌లో అందుకోసం 1947 నాటి చట్టమే ఉంది.

సొంతంగా పెట్టే ఆంక్షలకు భారత్‌లో అమెరికాలాంటి ఒకే చట్టం లేదు. ఏ శాఖకు ఆ శాఖ తన అధికారాన్ని వాడుతుంది. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దాడి తర్వాత ఇది స్పష్టంగా కనిపించింది. మర్నాడు కేబినెట్ భద్రతా కమిటీ కూర్చుని అట్టారీ చెక్‌పోస్టు మూసేయాలని, సార్క్ వీసా మినహాయింపు కింద పాకిస్తానీయులను అనుమతించరాదని నిర్ణయించింది. పాకిస్తానీయుల వీసాలు ఏప్రిల్ 27 నుంచి రద్దు, వైద్యం కోసం ఇచ్చినవి మాత్రం 29 దాకా. నెలాఖరుకు పాక్ విమానాలకు గగనతలం మూశారు. మే 2న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ పాకిస్తాన్ నుంచి నేరుగా గానీ, మరో దేశం మీదుగా గానీ వచ్చే సరుకు మొత్తాన్ని నిషేధించింది. ఆ వెంటనే నౌకాయాన డైరెక్టరేట్ పాక్ జెండా ఉన్న ఓడలు మన రేవుల్లోకి రాకూడదంది. ఎన్ని శాఖలో చూడండి, ఎన్ని వేర్వేరు కాగితాలో చూడండి. 2019లో పుల్వామా దాడి తర్వాతైతే నిషేధం జోలికే వెళ్లలేదు. పాకిస్తాన్ సరుకు మీద కస్టమ్స్ సుంకం 200 శాతానికి పెంచారు. ఆ సుంకం కట్టి తెచ్చుకునేవాడు ఉండడు కాబట్టి దిగుమతులు దాదాపు నిలిచిపోయాయి.

"మరో దేశం మీదుగా" అన్న ఆ మూడు ముక్కలే ఉత్తర్వు రాసేవాళ్ల అసలు నేర్పు. ఆ మాట లేకపోతే సరుకు మూడో దేశానికి వెళ్లి, సంచి మారి, కొత్త సర్టిఫికెట్‌తో వచ్చేస్తుంది.

ఇప్పుడు ఉత్తర్వు బ్యాంకు టేబుల్ మీదికి వచ్చాక ఏమవుతుందో చెబుతాను. ఒక లెటర్ ఆఫ్ క్రెడిట్ (కొనేవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) కింద డాక్యుమెంట్ల సెట్ వచ్చిందనుకోండి: ఇన్వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడ ఎక్కిన రసీదు), సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశానిదో చెప్పే పత్రం), ఇన్సూరెన్స్. వాటిలోని ప్రతి పేరు, ఊరు, ఓడ, రేవు, బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి జాబితాలతో పోల్చుకుంటుంది. మొహమ్మద్ అన్న పేరును ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగానూ హిట్లు, అంటే జాబితాలోని పేరుతో కలిసినట్టు హెచ్చరికలు, వస్తాయి. అప్పుడు ఒక మనిషి కూర్చుని పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, పాస్‌పోర్ట్ నంబర్, మారుపేర్లు పక్కపక్కన పెట్టి చూడాలి. నూటికి తొంభై పైగా ఆ మనిషి ఈ మనిషి కాదనే తేలుతుంది, కానీ తేలేదాకా డబ్బు కదలదు. ఓడ అయితే పేరు నమ్మకూడదు. పేరు రాత్రికి రాత్రి మార్చి పెయింట్ వేయొచ్చు, జెండా కూడా మార్చొచ్చు. ఐఎంఓ నంబర్ అని ఏడంకెలది ఒకటుంటుంది, ఓడ తుక్కుకు వెళ్లేదాకా అది మారదు. మేము ముందు చూసేది అదే. ఆ తర్వాత ఆ ఓడ గత కొన్ని నెలలు ఎక్కడెక్కడ తిరిగింది, తానెక్కడుందో చెప్పే సిగ్నల్‌ను ఎక్కడ ఆపేసింది అని చూస్తాం.

కంపెనీలైతే ఇంకో చిక్కు. జాబితాలో లేని కంపెనీ కూడా నిషేధం కిందికి రావచ్చు. అమెరికా నిబంధన ప్రకారం జాబితాలోని వ్యక్తుల వాటాలన్నీ కలిపి 50 శాతం చేరితే ఆ కంపెనీ ఆస్తులు కూడా ఆగినట్టే. ఒకరికి 30, ఇంకొకరికి 25 ఉంటే మొత్తం 55, కంపెనీ పేరు ఎక్కడా రాసి లేకపోయినా సరే. యూరప్‌లో వాటాతో పాటు అసలు పెత్తనం ఎవరిదో కూడా చూస్తారు. కాబట్టి వాటాదారుల రిజిస్టర్ తవ్వడమే సగం పని.

నిజంగా మ్యాచ్ అయితే? ఫ్రీజ్ అంటే జప్తు కాదు. డబ్బు ఇప్పటికీ ఆ యజమానిదే, కాకపోతే ముట్టుకోలేడు. అమెరికాలో బ్యాంకు ఆ మొత్తాన్ని వడ్డీ వచ్చే ప్రత్యేక ఖాతాలో పెట్టి, పది పనిదినాల్లోగా ఓఫాక్‌కు రిపోర్ట్ ఇవ్వాలి. తిప్పి పంపేస్తే కూడా తప్పే, ఎందుకంటే అప్పుడు డబ్బు వాళ్లకు తిరిగి చేరినట్టు. కొత్తగా చేరినవాళ్లు ఇక్కడే తడబడతారు. కొన్ని లావాదేవీలు ఆపి ఉంచాలి, కొన్ని తిరస్కరించాలి. ఏది ఏదో ఆ ఉత్తర్వు భాషే చెబుతుంది.

అమెరికా మాట అమెరికా బయట కూడా ఎందుకు చెల్లుతుందంటే డాలర్ వల్ల. అమెరికాతో సంబంధం లేని రెండు దేశాల కంపెనీలు డాలర్లలో లెక్క తేల్చుకుంటే ఆ డబ్బు సాధారణంగా న్యూయార్క్‌లోని ఏదో ఒక బ్యాంకు గుండా పోతుంది. అక్కడ అడుగు పెట్టిన క్షణంలో అమెరికా చట్టం వర్తిస్తుంది. ఫ్రెంచ్ బ్యాంకు బీఎన్‌పీ పారిబా సూడాన్, ఇరాన్, క్యూబా లావాదేవీల్లో ఆ వివరాలు దాచి డాలర్ చెల్లింపులు నడిపిన కేసులో 2014లో నేరం ఒప్పుకుని 897 కోట్ల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. ఆ తర్వాత ప్రపంచంలో బ్యాంకులన్నీ కంప్లయన్స్ విభాగాలను పెంచుకున్నాయి. ఇక ద్వితీయ ఆంక్షలు అంటే, మా చట్టం నీకు వర్తించకపోయినా వాళ్లతో వ్యాపారం చేస్తే మా మార్కెట్‌లోకి నువ్వు రావద్దు అనడం. 2018లో ఇరాన్ చమురు కొనుగోలుకు ఎనిమిది దేశాలకు ఇచ్చిన మినహాయింపులను 2019 మేలో ఆపేయగానే భారత్ ఆ చమురు కొనడం మానేసింది దానివల్లే.

ప్రయాణ ఆంక్షల దగ్గరికి వద్దాం. వార్తల్లో ఒకే పేరుతో పిలిచినా ఇందులో వేర్వేరు పనులున్నాయి. జాబితాలో పేర్లున్న నాయకులనో, సైనికాధికారులనో రానివ్వకపోవడం ఒకటి. ఒక దేశ పౌరులందరినీ ఆపడం వేరొకటి. సొంత పౌరులను అక్కడికి వెళ్లనివ్వకపోవడం ఇంకొకటి. విమానాలనే ఆపేయడం మరొకటి. మొదటిది తేలిక: ఏ ప్రభుత్వానికైనా విదేశీయుడికి వీసా నిరాకరించే అధికారం ఉంటుంది, పెద్దగా కారణం చెప్పక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి జాబితాలైతే మతపరమైన బాధ్యత లాంటి వాటికి భద్రతా మండలి ఆంక్షల కమిటీ అనుమతితో ప్రయాణం చేయనిస్తాయి. న్యూయార్క్‌లో సమితి సమావేశాలకు వచ్చేవాళ్లకు ఆతిథ్య ఒప్పందం ప్రకారం అమెరికా దారి ఇవ్వాల్సి ఉంటుంది.

ఒక దేశ ప్రజలందరినీ ఆపడం మాత్రం చాలా జాగ్రత్తగా రాయాల్సిన ఉత్తర్వు. 2017 జనవరి 27, శుక్రవారం, అమెరికా ఏడు దేశాల పౌరులను 90 రోజులు రానివ్వకూడదని ఉత్తర్వు తెచ్చి వెంటనే అమల్లో పెట్టింది. ఆ సమయానికి కొందరు గాల్లో ఉన్నారు. విమానం ఎక్కినప్పుడు చెల్లిన వీసా దిగేసరికి చెల్లలేదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుందా లేదా అన్నది అధికారులకే తెలియదు. వాళ్లను కూడా గంటల తరబడి విమానాశ్రయాల్లో నిలబెట్టారు. మర్నాటికే ఒక కోర్టు తిప్పి పంపడాలను ఆపింది, వారానికి మరో కోర్టు ఉత్తర్వునే నిలిపేసింది. సెప్టెంబర్‌లో మూడోసారి తిరగరాసి, దేశాల వారీగా కారణాలు, మినహాయింపులు, ముందుగా చెప్పిన అమలు తేదీ చేర్చాక 2018 జూన్‌లో సుప్రీంకోర్టులో 5-4తో నిలబడింది. రద్దయింది 2021 జనవరిలో. అది మంచి విధానమా కాదా అన్నది పక్కన పెట్టినా, గాల్లో ఉన్న మనిషి గురించి ఆలోచించకుండా ప్రయాణ ఉత్తర్వు మీద సంతకం పెట్టడం నాకు క్షమించరాని నిర్లక్ష్యంగా కనిపిస్తుంది. ఒక్క వాక్యం చాలు, "ఈ తేదీకి ముందు బయల్దేరినవారికి వర్తించదు" అని.

సొంత పౌరులను ఆపడానికి పాస్‌పోర్టే సాధనం. ఉత్తర కొరియాలో నిర్బంధంలో ఉండి తిరిగొచ్చిన అమెరికన్ విద్యార్థి చనిపోయాక, 2017 సెప్టెంబర్ 1 నుంచి ఆ దేశానికి వెళ్లడానికి అమెరికా పాస్‌పోర్ట్ చెల్లకుండా చేశారు. క్యూబా విషయంలో ఇంకో దారి పట్టారు. అక్కడికి వెళ్లడం మీద కాదు, అక్కడ డబ్బు ఖర్చు పెట్టడం మీద నిషేధం. కుటుంబాన్ని చూడటం, జర్నలిజం, పరిశోధన లాంటి 12 రకాల ప్రయాణాలకు అనుమతి ఉంటుంది, విహారయాత్ర వాటిలో లేదు. మీరడిగిన "మనిషిని ఎక్కడ ఆపుతారు" అన్నదానికి జవాబు చాలాసార్లు బయల్దేరే విమానాశ్రయంలోనే. పత్రాలు సరిగా లేని ప్రయాణికుణ్ణి తెస్తే జరిమానా, తిరుగు ప్రయాణం ఖర్చు ఎయిర్‌లైన్స్ మీద పడతాయి కాబట్టి చెక్-ఇన్ కౌంటర్‌లోనే బోర్డింగ్ పాస్ ఇవ్వరు.

ఉత్తర్వుల్లో నేను ముందుగా చదివేది మినహాయింపుల భాగం. మామూలు జనం బతుకు ఆ పేజీల్లోనే ఉంటుంది. ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన నాలుగు రోజులకే, 1990 ఆగస్టు 6న, భద్రతా మండలి 661వ తీర్మానంతో దాదాపు మొత్తం వాణిజ్యాన్ని ఆపేసింది. మందులకు, మానవతా పరిస్థితుల్లో ఆహారానికి మినహాయింపు కాగితం మీద ఉంది. కానీ చమురు అమ్మకపోతే కొనడానికి డబ్బెక్కడిది? చమురు అమ్మిన డబ్బుతో అవసరాలు కొనుక్కోనిచ్చే "చమురుకు ఆహారం" కార్యక్రమం కింద ఎగుమతులు మొదలైంది 1996 డిసెంబర్‌లో. ఆ తర్వాత కూడా మండలి ఆంక్షల కమిటీలో ఏ ఒక్క సభ్యదేశమైనా ఒక కాంట్రాక్టును ఆపి ఉంచగలిగేది. నీటి శుద్ధి సామగ్రి, కరెంటు ప్లాంట్ల విడిభాగాలు సైనికంగా కూడా పనికొస్తాయన్న అనుమానంతో ఆగిపోయేవి. బాగ్దాద్‌లో సమితి మానవతా కార్యక్రమాన్ని నడిపిన డెనిస్ హాలిడే 1998లో, ఆయన తర్వాత వచ్చిన హాన్స్ ఫాన్ స్పొనెక్ 2000లో నిరసనగా రాజీనామా చేశారు. ఆ తర్వాతే దేశం మొత్తాన్ని కాకుండా వ్యక్తులను, కంపెనీలను, కొన్ని రకాల సరుకును గురిపెట్టే పద్ధతి బలపడింది.

అయినా సమస్య తీరలేదు. ఇది నా కళ్ల ముందు జరిగిన సంగతి. ఆంక్షలున్న ఒక దేశంలోని ఆసుపత్రికి డయాలసిస్ యంత్రాల విడిభాగాలు వెళ్లాలి. జనరల్ లైసెన్స్ (విడిగా అర్జీ అక్కర్లేకుండా అందరికీ ముందే ఇచ్చే అనుమతి) కింద అది పూర్తిగా చట్టబద్ధం, మా ఫైల్లో ఒక్క లోపం లేదు. మధ్యలో ఉన్న బ్యాంకు మాత్రం "మా రిస్క్ పాలసీకి సరిపోదు" అని డబ్బు వెనక్కి పంపింది. ఇంకో బ్యాంకును అడిగాం, అదీ ఒప్పుకోలేదు. వాళ్లకు వచ్చే కమిషన్ కొద్ది డాలర్లు, తప్పు జరిగితే పడే జరిమానా కోట్లు. ఆ లెక్కలో రోగి ఎక్కడా లేడు. అందుకే లైసెన్స్ ఇచ్చామని చేతులు దులుపుకుంటే చాలదని నా గట్టి అభిప్రాయం. డబ్బు ఏ బ్యాంకు గుండా వెళ్లాలో కూడా ప్రభుత్వం ముందే ఒప్పించి, ఆ బ్యాంకుకు లిఖితపూర్వకంగా భరోసా ఇవ్వాలి. 2022 డిసెంబర్‌లో భద్రతా మండలి 2664వ తీర్మానంతో తన ఆస్తుల ఫ్రీజ్ ఆంక్షలన్నిటిలో మానవతా సాయానికి ఒకే రకమైన మినహాయింపు పెట్టింది. ఆలస్యమైనా అది మంచి పని.

ఎత్తేయడం సంగతి కూడా చెప్పాలి. ఏం చేస్తే ఎత్తేస్తారో ఉత్తర్వులో స్పష్టంగా ఉంటే పని జరుగుతుంది. లాకర్‌బీ విమానం పేల్చివేత కేసులో నిందితులను అప్పగించాలని 1992లో లిబియా మీద సమితి ఆంక్షలు పెట్టింది. 1999 ఏప్రిల్‌లో అప్పగించగానే వాటిని నిలిపేసి, 2003లో పూర్తిగా ఎత్తేసింది. అది లేనప్పుడు ఆంక్షలు అలవాటుగా మారిపోతాయి. సోవియట్ యూదుల వలసకు అడ్డుపడుతున్నారని 1974లో తెచ్చిన అమెరికా వాణిజ్య సవరణ, సోవియట్ యూనియనే పోయిన తర్వాత కూడా రష్యాకు 2012 దాకా వర్తించింది. క్యూబా నిషేధాన్ని 1996లో కాంగ్రెస్ చట్టంలోకి ఎక్కించింది కాబట్టి అధ్యక్షుడు తలుచుకున్నా ఒక్కడే పూర్తిగా తీయలేడు. ఇరాన్ అత్యవసర పరిస్థితి గురించి పైన చెప్పాను కదా, బందీలు ఇంటికి చేరి దశాబ్దాలైనా అది నడుస్తూనే ఉంది.

ఇక జాబితాలో పొరపాటున ఎక్కిన వ్యక్తి ఏం చేయాలి? అమెరికాలోనైతే ఓఫాక్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, యూరప్‌లో లక్సెంబర్గ్‌లోని కోర్టుకు వెళ్లొచ్చు. సమితి జాబితాల్లో అల్‌ఖైదా, ఐసిస్ జాబితాకు మాత్రమే స్వతంత్ర అంబుడ్స్‌పర్సన్ (ఇలాంటి అర్జీలను పరిశీలించే అధికారి) ఉన్నారు, ఆ పదవిని 2009లో ఏర్పాటు చేశారు. యాసిన్ ఖాదీ అనే సౌదీ వ్యాపారి పేరు 2001 అక్టోబర్‌లో ఆ జాబితాలో ఎక్కింది. తన మీద ఉన్న సాక్ష్యం ఏమిటో చెప్పకుండా ఆస్తులు ఆపడం చెల్లదని యూరప్ న్యాయస్థానం 2008లో ఆయన పక్షాన తీర్పిచ్చింది. సమితి ఆయన పేరు తీసింది 2012 అక్టోబర్‌లో. మిగతా సమితి జాబితాల్లో ఉన్నవాళ్లు న్యూయార్క్‌లోని ఒక కార్యాలయానికి దరఖాస్తు పంపాలి, అది సంబంధిత ప్రభుత్వాలకు వెళుతుంది. ఆ పేరు చేర్చమని మొదట అడిగిన ప్రభుత్వం కూడా వాటిలో ఉంటుంది.